షాహిదా, దిబ్బ కేసు నేనే వాదించాను

షాహిదా,

ఎలా ఉన్నావు? అలా అడగకూడదేమో... ఇంకోలా మొదలుపెట్టడం నాకు చేతకాలేదు. నువ్వు వెళ్లి ఏడాది దాటింది. నీ తర్వాత ఒక వానాకాలం, ఒక చలికాలం వచ్చి వెళ్లాయి. మళ్లీ బెజవాడ ఎండలు మొదలయ్యాయి.

నేను బాగానే ఉన్నాను. ఈ మాట నిజమయ్యాకే రాద్దామని ఇన్నాళ్లు ఆగాను.

ఈ ఉత్తరంలో చాలా భాగం బస్సులోనే తయారైంది. పొద్దున్నే కోర్టుకని అవనిగడ్డ బస్సెక్కితే కంకిపాడు వచ్చేసరికి నాకు సగం నిద్ర. పక్కనే బందరు కాలవ మనతో పాటు వస్తూ ఉంటుంది. చలికాలంలో నీళ్ల మీద మంచు లేచి, అవతలి గట్టు ఉందో లేదో తెలియదు. ఆ మంచులోంచి ఎవరో నల్లకోటు చేతి మీద వేసుకుని నడిచొస్తున్నట్టు కనపడుతుంది. దగ్గరికొచ్చాక చూస్తే సైకిలు నడిపించుకొస్తున్న పాల మనిషి. అయినా ఆ కాసేపూ నువ్వే. ఆ కాసేపు కోసమే కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చుంటానంటే నమ్ముతావా?

సీనియర్ గారి ఆఫీసు వదిలేసి మనిద్దరం మెట్లు దిగిన మధ్యాహ్నం ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఆయన నన్ను ఏనాడూ కోర్టులో నిలబెట్టలేదు. తప్పు పట్టను. నత్తి ఉన్న అమ్మాయితో క్లయింటు ముందు ఎవరు ప్రయోగం చేస్తారు? దావాలు, కౌంటర్లు అన్నీ నేను రాసేదాన్ని, ఎవరో ఒకరు పట్టుకెళ్లి చదివేవారు. నువ్వు మాత్రం చెరుకురసం బండి దగ్గర ఆగి, రెండు గ్లాసులు చెప్పి, ఏదో చిన్న సంగతిలా అన్నావు.

"నువ్వు రాయి వేణీ, నేను వాదిస్తా. ఇద్దరం కలిస్తే ఒక నిండు ప్లీడరు."

అలా గవర్నరుపేటలో జిరాక్సు షాపు పైన మన గది మొదలైంది. నేను రాసిన వాక్యం నీ నోట్లోంచి వస్తుంటే వెనక కుర్చీలో కూర్చుని వినడం... అది నా వాక్యమేనా అనిపించేది. నీ గొంతులో దానికి చీర కట్టినట్టు ఉండేది.

'మ' తోనూ 'ప' తోనూ మొదలయ్యే మాటలు నా పెదాల దగ్గరే ఆగిపోతాయని నీకు తెలుసు. జడ్జిగారి ముందు అందరూ మొదట అనే 'మే ఇట్ ప్లీజ్'లోనే నాకు రెండు అడ్డంకులు. నువ్వు దాని మీద జోకులేసేదానివి. కానీ ఒక్కటి... నా మాట ఆగిపోయినప్పుడు నువ్వెప్పుడూ దాన్ని పూర్తిచెయ్యలేదు. మా అమ్మ పూర్తిచేసేది, లెక్చరర్లు పూర్తిచేసేవారు, బస్సు కండక్టరు కూడా. నువ్వు మాత్రం పల్లీలు తింటూ ఎదురు చూసేదానివి.

"రానీలే. మాటెక్కడికి పోతుంది, మనమెక్కడికి పోతాం?"

నువ్వు పోయావు కదా షాహిదా.

తలనొప్పిగా ఉంది, కాసేపు పడుకుంటానని మధ్యాహ్నం ఇంటికెళ్లావు. సాయంత్రానికి ఆసుపత్రి. తలలో రక్తనాళం చిట్లిందన్నారు. మర్నాడు వన్ టౌన్‌లో మీ ఇంటి ముందు సందు నిండా చెప్పులు. నేను ఎక్కడ నిలబడ్డానో, ఎవరితో వచ్చానో గుర్తులేదు. మీ అమ్మీ నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. ఆవిడ పక్కన నన్నెవరూ మాట్లాడమని అడగలేదు.

తర్వాత ఒక్కొక్కరే వచ్చి ఫైళ్లు తీసుకెళ్లారు. మంచివాళ్లే. టీ తాగి, నీ గురించి రెండు మాటలు చెప్పి, నా మొహం చూడలేక నేల చూస్తూ "వేరే వకీలుని చూసుకుంటామమ్మా" అన్నారు. నేను తల ఊపి, నాకు అభ్యంతరం లేదని ఎన్ఓసీ రాసిచ్చేదాన్ని. అదైనా బాగా రాసిచ్చాను.

గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది.

మళ్లీ సీనియర్ గారి దగ్గరికే వెళ్దామనుకున్నాను. రెండుసార్లు ఆ మెట్ల దాకా వెళ్లాను కూడా. ఇంతలో మన బ్యాచ్ ఉదయ్ లేడూ, మైలవరంలో ప్రాక్టీసు పెట్టినవాడు, వాట్సాప్‌లో కాగితాల ఫోటోలు పంపి ఒక దావా రాసిపెట్టమన్నాడు. రాశాను. అది బాగుందని అతను ఇంకొకరికి చెప్పాడు. ఆ తర్వాత గుడివాడ నుంచి ఒకరు, నూజివీడు నుంచి ఇద్దరు. ఫోను చెయ్యొద్దు, మెసేజీ పెట్టండి అని అందరికీ చెప్పేశాను. వాళ్లు నా గొంతు విననే లేదు. చాలామంది నన్ను మగవాడనుకున్నారని తర్వాత తెలిసింది.

కొన్నాళ్లు అలా హాయిగా గడిచిపోయింది. నేను గదిలోనే ఉండేదాన్ని, నా వాక్యాలు మాత్రం ఊళ్లు తిరిగేవి. మధ్యాహ్నం పూట కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతుంటే, ఈ పాటికి నూజివీడులో ఎవరో నా పేరా చదువుతూ ఉంటారు కదా అనుకునేదాన్ని. కింద నా పేరుండదు. నీడలా బతకడం ఇంత తేలికా అనిపించేది. నువ్వుంటే తిట్టేదానివా?

అప్పుడు నాంచారమ్మ వచ్చింది.

నాగాయలంక అవతల, కృష్ణా పాయ పక్కన ఎండుచేపల దిబ్బ కేసు. ఆ ఫైలు పట్టుకెళ్లడానికి ఎవరూ రాలేదని అప్పటిదాకా నేను గమనించనే లేదు. అక్కడి ఆడవాళ్లంతా తరతరాలుగా చేపలు ఎండబెట్టుకునే ఇసుకదిబ్బ. పక్కన రొయ్యల చెరువులు తవ్విన ఆసామి అది తనదేనంటూ కంచె వెయ్యబోతే, నువ్వు దావా వేసి ఆపించావు. సాక్ష్యాలన్నీ నువ్వే పూర్తిచేశావు. ఇక వాదనలే మిగిలాయి. నువ్వు లేవు.

ఆ ఆడవాళ్లందరి తరఫున నాంచారమ్మ మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీర్చుకుని, నీ కుర్చీ వైపు చూసి కళ్లు తుడుచుకుంది. నేను మామూలుగానే ఎన్ఓసీ కోసం కాగితం తీశాను.

"అదెందుకమ్మా?" అంది.

వేరే వకీలుని పెట్టుకోవడానికి అని చెప్పబోయాను. 'వేరే వకీలుని' దాకా వచ్చింది. ఆ తర్వాతది రాలేదు. ఆవిడ నా మొహం చూస్తూ కూర్చుంది. తొందరపడలేదు.

"కాయితం మీద నీ పేరు కూడా ఉందంటగా. షాయిదమ్మ చెప్పింది, రాసేదంతా నువ్వేనని. రాసినదానివి నీకు తెలీదా? నువ్వే చెప్పు."

నిజమే, వకాలత్‌లో మనిద్దరి పేర్లూ ఉన్నాయి. నేనెప్పుడూ దాన్ని నా పేరుగా చదవలేదు.

వాయిదా ముందు వారమంతా రాస్తూనే ఉన్నాను. రాతపూర్వక వాదనలు ఇచ్చేసి, దణ్ణం పెట్టి కూర్చోవచ్చు కదా. చట్టం ఒప్పుకుంటుంది. అంత శ్రద్ధగా నేనేదీ రాయలేదు షాహిదా. ఒక్క అక్షరం వదలకుండా, ఎవరూ నోరు తెరవనక్కర్లేకుండా.

ఆ వారంలోనే నువ్వు కలలోకి వచ్చావు. కోర్టు హాల్లో మోకాలి లోతున నీళ్లు. ఆ నీళ్లలో గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు అటూ ఇటూ నడుస్తున్నారు. ఫైళ్లు గుర్రపుడెక్కలా తేలుతున్నాయి. నువ్వు బెంచీ మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుని పల్లీలు ఒలుస్తున్నావు. నన్నెవరో పిలిచారు. నీ వైపు చూశాను. నువ్వు లేవలేదు. గింజలు అరచేతిలో పోసి నా వైపు చాపావంతే. నీళ్లు చల్లగా ఉన్నాయి... మెలకువ వచ్చాక కూడా నా పాదాలు చల్లగానే ఉన్నాయి.

వాయిదా రోజు అవనిగడ్డలో దిగేసరికి వాళ్లంతా అప్పటికే వచ్చి కోర్టు వరండాలో ఉన్నారు. ఉతికిన చీరలు కట్టుకుని, తలకు నూనె రాసుకుని, పెళ్లికి వచ్చినట్టు. మా అమ్మ కూడా బందరులో ఎండుచేపలు అమ్మేది. ఎంత ఉతికినా చీర చెంగులో మిగిలే ఆ వాసన నాకు తెలుసు. అది తగలగానే నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

అవతలి వకీలు రంగనాథం గారు పెద్దాయన. ఇంగ్లీషులో ధారగా చెప్పి కూర్చున్నారు. నా వంతు వచ్చింది. లేచాను. 'మే' దగ్గరే ఆగిపోయాను. ఫ్యాను తిరుగుతోంది. ఎవరో దగ్గారు. రంగనాథం గారు సాయం చేద్దామనే, "మే ఇట్ ప్లీజ్ యువర్ ఆనర్" అని నా బదులు అనేశారు. ఆయన్ని ఏమనగలను? మంచితనమే అది.

జడ్జిగారు కూడా మంచివారే. "రాతపూర్వకంగా తెచ్చారా అమ్మా? ఇచ్చేయండి, చదువుకుంటాను" అన్నారు.

చేతిలోనే ఉన్నాయి. ఒక అడుగు వేస్తే చాలు.

అప్పుడు ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. వెనక వరసలో వాళ్లంతా నా నోటి వైపే చూస్తున్నారు. వాళ్లలో ఎవరికీ చదువు రాదు. ఆ కాగితాలు జడ్జిగారు చదువుతారు, రంగనాథం గారు చదువుతారు. వీళ్లు పొద్దున్నే బయల్దేరి, తమ దిబ్బ గురించి ఒక్క మాటా వినకుండా తిరిగి ఇంటికి వెళ్తారు. నువ్వు ప్రతి వాయిదాకీ ఇంగ్లీషులో ఒకటి చెప్పి, వాళ్లకి వినపడేలా తెలుగులో మళ్లీ ఎందుకు చెప్పేదానివో అప్పుడు తెలిసింది నాకు.

"చెబుతానండి" అన్నాను. తెలుగులోనే చెబుతానన్నాను. జడ్జిగారు కలం కింద పెట్టి సరేనన్నారు.

ఎంతసేపు పట్టిందో తెలియదు. 'దిబ్బ' అన్నప్పుడు బాగానే వచ్చింది. 'పాయ' దగ్గర ఆగిపోయింది. 'మత్స్యకారులు' దగ్గర ఎంతసేపు నిలబడ్డానో... కళ్లు మూసుకుంటే వెలుతురు మాత్రం కనపడింది. రంగనాథం గారు మళ్లీ అందించబోయారు. వెనకనుంచి నాంచారమ్మ గొంతు వినపడింది.

"ఆ పిల్లని చెప్పనీయండి బాబూ."

అటెండరు ఆవిడని కసిరాడు. జడ్జిగారు మాత్రం నవ్వు దాచుకున్నారనుకుంటాను. రంగనాథం గారు ఆ తర్వాత నోరు విప్పలేదు.

ఇలా చెప్పాను... గోడ కట్టుకున్నవాళ్లకి ఆ స్థలం ఎవరిదో గోడే చెబుతుందండి. వీళ్లు గోడ కట్టలేదు. పొద్దున్నే చేపలు పరిచి, సాయంత్రం ఎత్తుకుంటారు. ఎండ ఉన్నంతసేపే వీళ్ల స్వాధీనం కంటికి కనపడుతుంది. కోర్టువారు పంపిన కమిషనర్ గారు వెళ్లింది ముసురు రోజున. ఖాళీ ఇసుక చూసి, ఎవరూ లేరని రాశారు. కానీ అదే రిపోర్టులో, పాతబడి వంగిపోయిన తాటిదుంగలు పాతి ఉన్నాయని కూడా రాశారు. చేపలు ఆరేసే తాళ్లు కట్టుకోవడానికి వీళ్లు పాతుకున్నవే అవి. ఆ దుంగలు ఎవరివని అవతలి సాక్షిని మా షాహిదా గారు అడిగితే, తెలియదన్నాడు. తన నేలలో పాతి ఉన్న దుంగలు తనకే తెలియవా?

నీ పేరు మాత్రం ఎక్కడా ఆగకుండా వచ్చింది.

బయటికొచ్చేసరికి నా బ్లౌజు చెమటకి తడిసి ముద్దయింది. నాంచారమ్మ సీసాలో నీళ్లిచ్చి ఏమందో తెలుసా?

"షాయిదమ్మ జోరుగా చెప్పేది, సగం అందేది కాదు. నువ్వు ఆగి ఆగి చెప్పావు. మొత్తం తెలిసింది."

నవ్వుతున్నావు కదూ? నవ్వు. నేనూ ఆ రోజు బస్సులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. కూచిపూడి దాటేదాకా.

తీర్పు కొన్ని వారాల తర్వాత వచ్చింది. దిబ్బ జోలికి ఆసామి రాకూడదన్నారు. అతని చెరువుల మధ్యనుంచి దానికి వెళ్లే పాత దారి గురించి మాత్రం సాక్ష్యం చాలదని కొట్టేశారు. ఇప్పుడు వాళ్లు చెరువు గట్టు చుట్టూ తిరిగి వెళ్లాలి, గంపలతో అది చాలా దూరం. ఆసామి అప్పీలు వేస్తాడట. మనమూ దారి గురించి వేస్తున్నాం. 'మనమూ' అని రాశాను చూడు... మార్చను.

రాత పని వదల్లేదు. అదే నా అన్నం. కానీ ఇప్పుడు నేను రాసిన దావా కింద నా పేరూ ఉండాలంటున్నాను. కొందరు మానేశారు. ఉదయ్ ఒప్పుకున్నాడు. ఫోన్లు కూడా ఎత్తుతున్నాను. అవతలివాళ్లు మొదట లైను కట్టయిందనుకుంటారు, హలో హలో అంటారు. ఆగుతాను. వాళ్లూ అలవాటు పడుతున్నారు. పోయిన నెల రంగనాథం గారే కబురు పెట్టారు, వేరే కేసులో ఒక అప్పీలు రాయాలి, వీలైతే వాదనకూ నిలబడమ్మా అని. ఇంకా ఏమీ చెప్పలేదు. నువ్వైతే ఏం చెప్పమంటావు?

తీర్పు సంగతి చెప్పడానికి అమ్మీ దగ్గరికి వెళ్లాను. నువ్వు పోయాక ఆవిడ గడప దాటడం లేదు. ఆవిడ కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి ఉంది. సేమ్యా చేసి పెట్టింది, నేను తింటుంటే చాలాసేపు చూసి, నెమ్మదిగా అడిగింది.

"మా పిల్ల కోర్టులో ఎట్టా మాట్లాడేది వేణీ? నేనెప్పుడూ చూళ్లేదు."

నిజమే షాహిదా. నిన్ను కన్న తల్లి నువ్వు వాదిస్తుంటే ఒక్కసారైనా వినలేదు. ఆ గొంతు ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? వెనక కుర్చీలో కూర్చుని అన్నీ విన్నది నేనొక్కదాన్నే.

ఆదివారం అమ్మీని దిబ్బ దగ్గరికి తీసుకెళ్తున్నాను. నాంచారమ్మ వాళ్లు రమ్మన్నారు, ఆవిణ్ణి చూడాలట. అమ్మీ ముందు వద్దంది, తర్వాత సముద్రం కనపడుతుందా అని అడిగింది. కనపడుతుందన్నాను.

అక్కడ ఇసుకలో కూర్చోబెట్టి నీ వాదనలన్నీ ఆవిడకి చెబుతాను. నాకు ప్రతి మాటా గుర్తుంది. చీకటి పడేలోగా అవుతాయో లేదో తెలియదు... కాకపోతే మళ్లీ ఆదివారం వెళ్తాం.

నీ
వేణి