చియావ్ మాస్టారి వినయం

కౌంటీ విద్యాశాఖ కార్యాలయం,
16 అక్టోబరు 2006

షిగౌ ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయులు చియావ్ గారికి, శిక్షణ విభాగం నుంచి నమస్కారాలు.

మన కొండబడుల టీచర్లకు పాఠం చెప్పే పద్ధతులు నేర్పాలని హంగరీ నుంచి స్వచ్ఛందంగా వచ్చిన మార్గిట్ గారు, పోయిన మంగళవారం మీ బడిలో చూసిన పాఠం గురించి నివేదిక ఇచ్చారు. ఏ ప్రశ్న అడిగినా ఇరవైముగ్గురు పిల్లలూ చేతులెత్తారట. పిలిచిన వాళ్ళంతా తడుముకోకుండా జవాబు చెప్పారట. "ఇక్కడ నేను నేర్పేదేమీ లేదు" అని రాశారు. అభినందనలు. కాబట్టి ఏడాదిపాటు మీ దగ్గర ఉండాల్సిన ఆమెను ఎదుటి కొండమీది హేయా బడికి పంపాలని డైరెక్టరు గారు నిర్ణయించారు.

ఇట్లు,
శిక్షణ విభాగం అధికారి

తా.క.: ఆమె కోసం మీరు కుట్టించిన దూది బొంతను కూడా హేయాకి పంపగలరు.


షిగౌ,
20 అక్టోబరు

అధికారి గారికి చియావ్ వెన్‌హాయ్ నమస్కరించి రాసేది.

మీ ఉత్తరం అందింది. మా బడి మీరనుకున్నంత గొప్పదేమీ కాదు. ఫాన్ మాస్టారు ముప్ఫై ఏళ్ళుగా నల్లబల్లకే లెక్కలు చెబుతున్నారు. వెనక పిల్లలున్నారన్న సంగతి ఆయనకు గంట కొట్టాక గుర్తొస్తుంది. కొత్తగా వచ్చిన లూ టీచరమ్మ, పిల్లలు అల్లరి చేస్తే కూర్చుని ఏడుస్తుంది. నా సంగతి అడగనే వద్దు. దయచేసి మార్గిట్ గారిని మా దగ్గరే ఉంచండి.

భవదీయుడు,
చియావ్

తా.క.: బొంత ఎండలో వేశాం. ఇంకా ఆరలేదు. ఎప్పటికి ఆరుతుందో చెప్పలేం.


కౌంటీ విద్యాశాఖ కార్యాలయం,
25 అక్టోబరు

చియావ్ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరాన్ని డైరెక్టరు గారు సమావేశంలో పైకి చదివారు. "వినయమంటే ఇదీ! నిజంగా చేతకానివాడు ఇలా రాస్తాడా?" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అందువల్ల నవంబరు 14న నలభైమంది ప్రధానోపాధ్యాయులు మీ బడికొచ్చి అదే పాఠం చూసి వెళ్తారు. మధ్యాహ్నం నూడుల్స్, బంగాళాదుంపల వేపుడు చాలు. ఆర్భాటం వద్దు.

ఇట్లు,
శిక్షణ విభాగం అధికారి

తా.క.: హేయా ప్రధానోపాధ్యాయులు తమ బడి కౌంటీకే తలమానికమని రాశారు. దాన్నిబట్టి అక్కడ పరిస్థితి ఎంత ఘోరంగా ఉందో మాకు అర్థమైంది.


షిగౌ,
29 అక్టోబరు

అధికారి గారూ,

నేను రాసింది వినయం కాదు, నిజం. వినయం లేకుండా ఉత్తరం రాయడం నాకు అలవాటు లేదు. తప్పులుంటే మన్నించండి.

ఆ పాఠాన్ని మార్గిట్ గారు వచ్చేలోపు పందొమ్మిదిసార్లు చెప్పాం. గేటు దగ్గర కట్టేసే కంచరగాడిదకి కూడా వచ్చేసి ఉంటుంది. పిల్లలకే రాలేదు. పైవాళ్ళెవరైనా చూడ్డానికొస్తే అందరూ చెయ్యెత్తాలనీ, జవాబు తెలిస్తే కుడిచెయ్యి, తెలియకపోతే ఎడమచెయ్యి ఎత్తాలనీ ముప్ఫై ఏళ్ళుగా నేర్పుతున్నాను. కుడిచేతుల్నే పిలుస్తాం. పందొమ్మిదిసార్లు చెప్పాక కూడా ఆ రోజు పద్నాలుగు ఎడమచేతులు లేచాయి. మా చదువు అదీ.

ఆ పద్నాలుగుమందీ రేపు టౌను బడికి వెళ్తారు. అక్కడ నోరు విప్పలేక, చలికాలం గడవకముందే ఇంటికొచ్చేస్తారు. ఏటా చూస్తున్నాను. బాధగా ఉంటుంది, సిగ్గుగానూ ఉంటుంది. వచ్చే ఏడు నేను రిటైరవుతాను. ఈలోగా ఫాన్ మాస్టార్ని పిల్లలవైపు తిప్పే మనిషి మాకు కావాలి. ఆ నలభైమందిని మాత్రం పంపకండి.

చియావ్

తా.క.: నీళ్ళు ఎవరు తెస్తారని ఇంట్లో అడిగితే చాంగ్ గారి పిల్ల ఎడమచెయ్యి ఎత్తుతోందట. తల్లికి మా పద్ధతి తెలియదు. మెచ్చుకుని బకెట్టు ఇచ్చి పంపుతోంది.


కౌంటీ విద్యాశాఖ కార్యాలయం,
3 నవంబరు

పూజ్యులైన మాస్టారికి,

ఈ ఉత్తరాన్ని కూడా డైరెక్టరు గారు మొదట వినయమే అనుకున్నారు. మార్గిట్ గారు మాత్రం ఎడమచేతుల సంగతి వినగానే కుర్చీలోంచి లేచారు. "మా దేశంలో జవాబు తెలియని పిల్లలు బల్లకింద చూస్తారు. వీళ్ళు తెలియదని చెయ్యెత్తి చెబుతున్నారా! అయితే సగం పని అయిపోయింది. ఇక ఆ చేతుల్ని పిలవడమే మిగిలింది" అన్నారు. సోమవారం వస్తున్నారు. ఏడాదంతా మీ దగ్గరే ఉంటారు. ఈలోగా బొంత ఆరితే బాగుంటుంది.

నలభైమందీ కూడా వస్తారు. అది తప్పదు. మార్గిట్ గారికి మాత్రం ముందు ఒక్కసారి కూడా చెప్పని పాఠం కావాలట. పిలవాల్సింది ఎడమచేతుల్నే.

చేతుల సంగతి నేను మొదటి రోజే చెప్పగలిగేదాన్ని. కానీ నేను చెబితే గురువు మీద చాడీ అవుతుంది. మీరే రాసేదాకా ఆగాను.

మీ శిష్యురాలు,
గెంగ్ సూయిన్
(మూడో వరస, కిటికీ పక్క)

తా.క.: "ఈయన రాసింది నిజమేనని ఇక్కడ ఎవరికైనా తెలుసా?" అని డైరెక్టరు గారు అడిగారు. కుడిచెయ్యి ఎత్తాను. మీ దగ్గర ఐదేళ్ళు చదివాను మాస్టారూ, ఆ చెయ్యి ఎత్తడం ఇదే మొదటిసారి.