మార్చిన మొక్కలు

మేడమ్ గారికి,

గాజుగదిలో మొక్కలకు నీళ్లు పోసే నేను, ఎదుటపడి చెప్పలేక ఇది రాస్తున్నాను. మీరు ఊరెళ్లిన వారంలో, తెగులు మందుగా మీరు పరీక్షిస్తున్న వెండి నానో పొడి కలిపిన నీళ్లు పోసిన టమాటా మొక్కల్లో పదకొండు చచ్చిపోయాయి. నేను సరిగా చూసుకోలేదంటారని భయపడి వాటిని పీకేసి, మామూలు నీళ్లు పోసే తొట్లలో మిగులుగా ఉన్న మొక్కలు తెచ్చి నాటాను. మీరు వచ్చి, పచ్చగా ఉన్నాయని సంతోషించారు.

ఆ సన్నటి రేణువులు వేళ్లలోంచి లోపలికి పోతే, మొక్కలో ఉన్న ఆక్సిజనే విషంగా మారి దాన్ని కాల్చేస్తుందని మీరే ఒకసారి చెప్పారు. ఈ మోతాదుకి ఆ భయం లేదని ఇప్పుడు రిపోర్టులో రాశారట.

నిన్న మా అక్క మొగుడు, "ఒరేయ్ బామ్మర్దీ, మీ మేడమ్ మందు తెగులును చంపి మొక్కను ముట్టుకోదంటగా! ముందు నా నారుమడికే కొట్టాలి, చెప్పి ఉంచు" అన్నాడు. తలూపి వచ్చేశాను.

పీకిన మొక్కలు ఎందుకో పారెయ్యబుద్ధి కాలేదు. కాగితాల్లో చుట్టి, తొట్టి నంబర్లు వేసి మీ బల్ల మీద పెట్టాను. వేళ్ల కొసలు చూడండి, గోధుమరంగుకి మాడిపోయి ఉన్నాయి. చూశాక, దయచేసి రిపోర్టు పంపకండి.

గాజుగది తాళంచెవి కూడా అక్కడే ఉంది. ఈ పూటకి నీళ్లు పోసేశాను.