ఒక్క చుక్క పడినా

ఫిబ్రవరి 4

మోసం. చేత్తో పట్టుకున్నాను.

పొద్దున ఎల్బీనగర్ షెడ్డులో బండి వదిలి, దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి హాస్టల్ వాళ్లతో లోడు మాట్లాడుకుని వచ్చేసరికి, ఆయిల్ మార్చేశానన్నాడు మెకానిక్. గేజి తీసి చూస్తే నల్లగా ఉంది. డీజిల్ బండిలో కొత్త ఆయిలైనా గంటలో నల్లబడుతుందని నవ్వాడు. అది నిజమే. కానీ ఫిల్టర్ మీద నిన్న నేను పెట్టిన గోళ్ల రంగు చుక్క అక్కడే ఉంది — ఎర్రగా. పాత ఫిల్టర్. వేలు పెట్టి చూపించాను. నవ్వు ఆగింది.

"నీకెందుకక్కా గివన్నీ. అన్నను పంపియ్" అన్నాడు.

అన్న అంటే మా ఆయన. రాడు. భుజం విరిగి ఏడాదిన్నర. ఆ చెయ్యి తల దాకా లేవదు. డీసీఎం లారీ నడుపుతున్నది నేను. లైసెన్సు నాది. ఇక నుంచి ఆయిల్ మార్చేదీ నేనే — మా ఇంటి ముందు, నా కళ్ల ఎదుట.

ఫిబ్రవరి 5

యాదగిరి వద్దంటున్నాడు. (మొగుణ్ణి పేరు పెట్టి రాస్తున్నాను. పేజీ పోయి ఎవరికి చెబుతుంది?) ఇరవై ఏళ్లు తను బండి కింద దూరాడు, అది వేరట. నేను దూరితే, కాళ్లు రోడ్డు మీదికి చాచుకుని పడుకుంటే, మన్సూరాబాద్ అంతా చెప్పుకుంటుందట. అంతకన్నా బండి అమ్మేద్దామన్నాడు, కొంటానన్న మనిషి కూడా ఉన్నాడట.

చెప్పుకోనీ. నాకు లోడు ఉంది, వెళ్లాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

రాయాలనిపించడం లేదు. రాస్తాను.

ఇంజను కాస్త వేడి చేశాను. స్నానాల గదిలోని నీలం టబ్బు కింద పెట్టాను. ఆయిల్ చాంబర్ కింది నట్టును పానాతో వదులు చేసి, తర్వాత వేళ్లతో తిప్పాను. ఊడింది. ఆయిల్ కిందికి పడుతుందనుకున్నాను. పడలేదు. పంపు విప్పినట్టు పక్కకు దూకింది. టబ్బు అంచుకు తగిలి చిందింది. చెయ్యి కాలి వెనక్కి లాక్కున్నాను, కాలు టబ్బుకు తగిలింది... టబ్బు ఒరిగింది.

మా వీధి ఏటవాలు. నల్లటి పాయ నేరుగా ఎదురింటి గేటు దాకా. అప్పుడే ఆ ఇంటి సుబ్బలక్ష్మి గారు పూలకు బయటికి వచ్చారు. అడుగు వేశారు. జారారు.

బండి కింద నుంచి పాక్కుంటూ వెళ్లి లేపాను. ఆవిడ లేచి నిలబడ్డారు. నా ముఖం చూడలేదు, చేతులు చూశారు. ఆవిడ చీర మీద నా అయిదు వేళ్లూ నల్లగా దిగాయి.

ఆవిడ భర్త ప్రసాదరావు గారు వచ్చారు. కాలనీ సంఘం సెక్రటరీ. రిటైరైనా గొంతులో ఆఫీసు పోలేదు. "ఇది కాలనీ అమ్మా, గ్యారేజీ కాదు" అన్నారు.

మధ్యాహ్నం దాకా రోడ్డు కడిగాను. రంపపు పొట్టు పోసి ఊడ్చాను, సబ్బు పొడి వేసి రుద్దాను, రెండుసార్లు. మరక పోలేదు. యాదగిరి మెట్ల మీద కూర్చుని చూశాడు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఫిబ్రవరి 10

వెళ్లాను. సుబ్బలక్ష్మి గారికి మోకాలు చెక్కుకుపోయిందట, ఎముక బాగానే ఉందన్నాడట డాక్టరు. ప్రసాదరావు గారు గుమ్మం దగ్గరే నిలబెట్టారు. తప్పు నాదే అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆయన దాన్ని పట్టుకున్నారు. తప్పు ఒప్పుకున్నావు కాబట్టి లారీ కాలనీ బయట పెట్టుకోమన్నారు. రోడ్డు పాడవుతోందట, కాలనీ పరువు పోతోందట.

మోకాలికి క్షమాపణ చెప్పాను. బండికి చెప్పలేదు.

"సార్, ఏప్రిల్ ఆఖరుకు మళ్ల ఆయిల్ మార్చాలె. మీరందరు నిలబడి చూడుండ్రి. ఒక్క చుక్క రోడ్డు మీద పడినా బండిని నేనే బయటికి తీస్కపోతా. పడకపోతే మళ్ల బండి మాట ఎత్తొద్దు."

ఆయన తలాడించారు. "సరే. మాట" అన్నారు. వెనక గదిలో సుబ్బలక్ష్మి గారు మంచం మీద కూర్చుని ఉన్నారు. విన్నారు.

ఫిబ్రవరి 11

ఎంత మాట అనేశాను! వెనక్కి తీసుకోను.

మార్చి 2

పాత ఆయిల్ డబ్బా అడుగున చిన్న చిల్లు పెట్టి, ఆ చిల్లుకు ఒక నట్టు బిగించి, నీళ్లు నింపి బండి చాంబర్‌కు పక్కనే కట్టాను. నీళ్లతో సాధన. మొదటిసారి చీర తడిసింది. రెండోసారి రోడ్డు తడిసింది. మూడోసారి రెండూ.

నాలుగోసారి మెట్ల మీద నుంచి గొంతు వచ్చింది.

"నట్టును లోపలికి ఒత్తుకుంట తిప్పు. ఆఖరి చుట్టు దాంక ఒత్తే ఉండాలె. అప్పుడు ఒక్కసారి పక్కకు గుంజు."

మూడు వారాల్లో యాదగిరి బండి గురించి మాట్లాడడం ఇదే మొదలు. మరి నువ్వట్లనే తీసేటోనివా అని అడిగాను. లేదట. షెడ్డులో మట్టినేల, ఎంత పడినా అడిగేవాడు లేడట. ఇప్పుడు నన్ను చూస్తూ ఆలోచించాడట.

ఆలోచించాడు. ఆ మాట రెండుసార్లు రాసుకోవచ్చు.

మార్చి 16

ఇవాళ తెలిసినవి. ధార మొదట దూరంగా దూకుతుంది, బలం తగ్గేకొద్దీ దగ్గరికి వస్తుంది — కాబట్టి టబ్బు గుండ్రంది కాదు, పొడుగుది కావాలి. బండి ఎత్తు, పై నుంచి పడితే చిందుతుంది — టబ్బు కింద ఇటుకలు పెట్టి ఎత్తు తగ్గించాలి. ఆయిల్ పోసే పై మూత మొదటే తీయకూడదు, మూసి ఉంటే ధార మెల్లగా వస్తుంది. కాళ్లు టబ్బు వైపు ఉండకూడదు. ఇది మాత్రం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఫిల్టర్‌కు మందపాటి కవరు తొడిగి, కవరుతోనే విప్పాలి. ఇది యాదగిరి ఆలోచన. పొద్దున్నే లేచి చెప్పాడు.

ఏప్రిల్ 3

దిల్‌సుఖ్‌నగర్. ఇనుప మంచాలు, నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. నడుము లేదు.

ఏప్రిల్ 19

సుబ్బలక్ష్మి గారు ఇప్పుడు మామూలుగా నడుస్తున్నారు. మా గేటు ముందు నుంచి వెళుతూ ఒక క్షణం ఆగారు. ఏదో అడుగుతారనుకున్నాను. వెళ్లిపోయారు.

ఏప్రిల్ 26

రేపే. భయంగా ఉంది. ఎవరితోనూ అనను, ఇక్కడ రాస్తున్నాను. ఓడిపోతే బండి ఎక్కడో ఖాళీ జాగాలో పెట్టి రెండు బస్సులు మారి రావాలి. అది కాదు భయం. యాదగిరి మళ్లీ ఆ మెట్ల మీద నోరు మూసుకుని కూర్చుంటాడేమోనని.

ఏప్రిల్ 27, ఆదివారం

ఏడింటికే వచ్చారు. సంఘం వాళ్లు నలుగురు, కుర్చీలతో సహా. ప్రసాదరావు గారు ఇస్త్రీ బట్టల్లో. యాదగిరి కూడా ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేను అతని పాత ప్యాంటు, చొక్కా వేసుకున్నాను.

రోడ్డు మీద పాత ఫ్లెక్సీ పరిచాను. ఎవరిదో పుట్టినరోజుది, ముఖం నేలకు వేశాను. దాని మీద అట్టలు, అట్టల మీద రంపపు పొట్టు. ఇటుకలు. పొడుగు టబ్బు. పడుకున్నాను.

నట్టు. ఒత్తాను, తిప్పాను, ఒత్తాను. వేళ్లకు వేడి తెలుస్తోంది. ఆఖరి చుట్టు... గుంజాను. ధార వచ్చి టబ్బు మధ్యలో పడింది. ఆ చప్పుడు — కుండలోకి మజ్జిగ వంచినట్టు.

ధార సన్నబడ్డాక గాలి లేచింది. నూలుపోగంత ధార అటూ ఇటూ ఊగుతోంది. నా రెండు చేతులూ టబ్బు మీద ఉన్నాయి. అప్పుడు యాదగిరి మెట్లు దిగి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, మంచి చేత్తో ఒక అట్టను గాలికి అడ్డం పట్టుకున్నాడు. చివరి చుక్క పడేదాకా కదలలేదు. ఇస్త్రీ చొక్కా మట్టయింది.

ఫిల్టర్ అనుకున్నదానికన్నా బరువు. కవరుతో సహా చేతిలోంచి జారింది. ఛాతీతో ఆపాను. చొక్కా అంతా ఆయిల్. రోడ్డు మీద కాదు — నా మీద.

కొత్త ఫిల్టర్ వేసి, నట్టు బిగించి, గరాటు మెడకు గుడ్డ చుట్టి కొత్త ఆయిల్ పోశాను. అన్నీ తీశాను. ఫ్లెక్సీ మడిచాను. ఫిబ్రవరి మరక తప్ప రోడ్డు మీద ఏమీ లేదు.

ప్రసాదరావు గారు జేబులోంచి తెల్ల రుమాలు తీశారు. వంగి, బండి కింద రెండు చోట్ల రుద్దారు. చూశారు. దుమ్ము. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఈసారికి పడలేదు" అన్నారు.

ఈసారికి! కుర్చీలు తీసుకుని వెళ్లిపోయారు.

నా ఒళ్లంతా ఆయిల్. అద్దంలో చూసుకుని చాలాసేపు నవ్వాను. యాదగిరి తలుపు దగ్గర నిలబడి, బండి కొంటానన్న మనిషికి ఫోన్ చేసి వద్దని చెప్పేశానన్నాడు.

మే 3

సుబ్బలక్ష్మి గారు కాగితం తెచ్చారు. "కాలనీలో పెద్ద వాహనాలు నిలపరాదు." కింద ఇంటింటి సంతకాలు. ఆయిల్ మాట ఎక్కడా లేదు. ప్రసాదరావు గారు ఊళ్లో లేరట, అందుకని ఆవిడ తిప్పుతున్నారు.

"సార్ మాటిచ్చిండు గదమ్మా" అన్నాను.

"ఇచ్చారు. నేనూ విన్నాను." కాగితం వైపే చూస్తున్నారు. "మీ ఇల్లూ లిస్టులో ఉంది. అందుకే తెచ్చాను."

యాదగిరి ఆ కాగితం ముట్టుకోవద్దని, అట్లనే తిరిగిచ్చేయమని లోపల నుంచి అన్నాడు. నేను పెన్ను తీశాను. మా ఇంటి నంబరు ఎదురుగా, సంతకం పెట్టాల్సిన చోట, అందరి సంతకాలకన్నా పెద్ద అక్షరాలతో — ఒప్పుకోను. కింద నా పేరు.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివారు. రెండుసార్లు చదివినట్టున్నారు.

"ఇలా కూడా రాయొచ్చా?" అన్నారు.

"జాగ ఉన్నదమ్మా. రాసిన."

"మా ఇంటి సంతకం ఆయనే పెట్టేశారు. నన్ను అడగలేదు."

నా పెన్ను చేతిలోకి తీసుకున్నారు. కాసేపు పట్టుకుని నిలబడ్డారు. మళ్లీ నాకే ఇచ్చి, కాగితం మడవకుండా, రాసింది పైకి కనబడేటట్టు పట్టుకుని పక్కింట్లోకి వెళ్లారు.

మే 4

కాగితం పక్కింట్లోంచి ఇంకా బయటికి రాలేదట. వాళ్లు ఏం రాస్తారో తెలియదు. ఆ తర్వాత ఇంకా పదకొండు ఇళ్లు.

పదింటికి నాగోల్‌లో లోడు. సాయంత్రం వచ్చినంక బండి ఎక్కడ పెడతవని యాదగిరి అడిగాడు.

ఇంటి ముంగటనే అన్నాను. బండి తాళాలు తీసుకుని గేటు తియ్యమన్నాను.