నీ ఇంగ్లీషు నటి పోయింది

అత్తా,

పొద్దున టీవీ చూస్తున్న నాన్న, "అరే, మా అక్క హీరోయిన్ గయీ!" అని నన్ను కేకేశారు. నీ ఇంగ్లీషు నటి పోయింది.

ఆమె జీవితమంతా టీవీ వార్తల్లో రెండు ముక్కల్లో చెప్పేశారు. పదహారేళ్లకు లండన్ నాటకంలో పనిమనిషి వేషం, తర్వాత రాణులు, సినిమాలు, ముసలితనంలో మళ్లీ రంగస్థలం. నువ్వు మెచ్చుకునే ఆమె మౌనం మాత్రం చూపించలేదు. మాట మధ్యలో ఆగి, చూసేవాళ్లంతా ఊపిరి బిగబట్టాక మిగతాది అనేది.

నువ్వూ అలాగే ఆగాలనుకున్నావు. మన దీవిలో, ఆస్టినాబాద్‌లో మన తెలుగువాళ్లు ఏటా వేసే నాటకానికి నన్ను ప్రాంప్టర్‌ని చేశావు. నలుగురి ముందుకు రాలేని నాకు తెర వెనక ఆ చోటు నచ్చింది. "నేను ఆగితే మాట అందించకే పిల్లా. ఆమెకెవరైనా అందిస్తారా?" అనేదానివి.

నిరుడు రిహార్సల్లో, కొడుకును ఓడ ఎక్కించే సీన్లో ఆగావు. నేను అందించలేదు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నీ చేతిలోని సంచి జారి పడ్డాక తెర దాటి పరుగెత్తుకొచ్చాను. ఆసుపత్రికి చేరేసరికే నువ్వు లేవు.

ఈ ఏడు మళ్లీ అదే నాటకం. నీ వేషం చౌల్దారీ ఊరి అమ్మాయికిచ్చారు. సాయంత్రం నా దగ్గరికొచ్చి, "దీదీ, నేను ఆగానంటే మర్చిపోయినట్టే. ఝట్‌సే అందించెయ్, హా?" అంది.

అందిస్తానన్నాను. నీ నటి గురించి ఆ పిల్లకు ఒక్క మాటా చెప్పలేదు.