వేదికకు వీపు

పెద్దమ్మకు,
మండుతున్న గుండెతో నమస్కారం.

ఫోన్ చేస్తే "తిన్నావురా?" అని మాట మార్చేస్తావు. అందుకే రాతపూర్వకంగా నిలదీస్తున్నాను. వినికిడి లేని పిల్లల బడి కోసం సంగీత కచేరీయా? ఎవరి పేరు చెప్పి పాడతారో వాళ్లకే వినపడదు! పైగా పాట సాగుతుండగా ఒక చిత్రకారుడు అక్కడికక్కడే బొమ్మ వేస్తాడట, దాన్ని ఎవరో డబ్బున్నాయన కొనుక్కుని హాల్లో తగిలించుకుంటాడట. ఇది దానం కాదు, దానం వేషం కట్టిన డాబు. ఈ విషయమై మూడు కరపత్రాలు చదివాను. నాలుగోది నేనే రాస్తున్నాను.

ఆ బడికి నువ్వే పెద్ద పంతులమ్మవి కాబట్టి ముందే చెబుతున్నాను. కచేరీ ఆపకపోతే మా యువజన సంఘం ఊరుకోదు.

ఇట్లు,
నీ చెల్లెలి కొడుకు
(బంధుత్వం వేరు, సిద్ధాంతం వేరు)

తా.క.: నువ్వు పంపిన స్వెటర్ సరిగ్గా సరిపోయింది. దాన్నీ దీన్నీ కలపొద్దు.

---

చిరంజీవి చిచ్చుబుడ్డికి,
పెద్దమ్మ దీవెనలు.

తిన్నావురా?

నీ ఉత్తరం చూసి కడుపు నిండింది. మా బడి గురించి ఇంత ఆలోచించేవాడు మన ఇంట్లో ఒక్కడైనా ఉన్నాడు! కచేరీకి ముఖ్య అతిథిగా బడి ఇంటి యజమానిని పిలిచాను. ఎందుకంటావా? సెలవుల్లోగా ఖాళీ చెయ్యమన్నాడు, అక్కడ దుకాణాలు కడతాడట. పిల్లల్ని వెంటేసుకుని నేనెక్కడికి పోనురా? నలుగురి మధ్య కూర్చోబెడితే ఆయన మనసు కరుగుతుందేమోనని నా ఆశ.

ఇక పిల్లలకు వినపడదన్నావు. చెవులకు వినపడదు, అంతే. వేదిక చెక్కకు వీపు ఆనించి కూర్చుంటే డ్రమ్ము దెబ్బ వెన్నులోకి దిగుతుంది. చిత్రకారుడు ఎదురుగోడ దగ్గర నిలబడి పాటను రంగుల్లో చూపిస్తాడు. వీపుతో వింటూ కళ్లతో చూస్తారన్నమాట.

ఉంటాను,
పెద్దమ్మ

తా.క.: మీ సంఘం ఊరుకోదన్నావు. చాలా సంతోషం. కుర్చీలు వెయ్యడానికి మనుషులు తక్కువయ్యారు.

---

పెద్దమ్మకు,
ఈసారి నమస్కారం కూడా లేదు.

"ముఖ్య అతిథి" అన్న మాట కనపడగానే రక్తం మరిగింది, ఉత్తరం అక్కడికక్కడే చించేశాను. పిల్లల పేరిట ఆసాములకు పూలదండలా? మా నిర్ణయం విను. సంఘ సభ్యులందరం వచ్చి, ముందు వరుసలో వేదికకు వీపు తిప్పి కూర్చుంటాం! ఊరంతా చూడనీ!

రాజీ లేని,
నీ చెల్లెలి కొడుకు

తా.క.: చించిన దాంట్లో ముఖ్యమైన సంగతేమైనా ఉందా?

---

చిచ్చుబుడ్డికి,
నీ తల నిమురుతూ రాస్తున్నాను.

వేదికకు వీపు తిప్పుతారా! బంగారు తండ్రీ, నా మనసులో మాట ఎలా పట్టేశావురా? మా పిల్లలూ అంతే కదా. అయితే ముందు వరుస దేనికి, వాళ్ల పక్కనే చెక్కకు ఆనుకుని కూర్చోండి. డ్రమ్ము మోగే ఆ ఒక్క పాటకు సభనంతా అలాగే తిరగమని మైకులో చెబుతాను.

ఉంటాను,
పెద్దమ్మ

తా.క.: చించిన దాంట్లో ఏముంటుందిరా? తిన్నావా అని అడిగాను.

---

పెద్దమ్మకు,
ఓడిపోయినవాడి నమస్కారం.

నువ్వు మైకులో "ఇటు వీపు, అటు ముఖం" అనగానే జనమంతా కుర్చీలు బరబరా తిప్పేశారు. అందరూ చేస్తే అది నిరసన ఎలా అవుతుంది పెద్దమ్మా? ఒక తాతగారు వంగి మరీ "బాబూ, నా వీపు సరిగ్గా తిరిగిందా?" అని నన్నే అడిగారు!

నా పక్కన రెండు జడల పిల్ల ఒకతి ఉంది. నేను బిర్రుగా కూర్చున్నానని విసుక్కుని, భుజం పట్టి చెక్కకు అదిమింది. అప్పుడు డ్రమ్ము మోగింది. పెద్దమ్మా, అది చెవిలోకి రాలేదు. నడుములోంచి పాకి పక్కటెముకల్లో తిరిగింది. ఆ పిల్ల నా వంక చూసి "ఎలా ఉంది?" అన్నట్టు కనుబొమలెగరేసింది. నా కళ్లలో నీళ్లు. సంఘం అధ్యక్షుడు ఏడిస్తే ఏం బాగుంటుంది? పాట అవ్వగానే పక్క తలుపు గుండా బయటపడ్డాను. మా కార్యదర్శి మాత్రం అక్కడే ఉండి, పిల్లలతో కలిసి చప్పట్లకు బదులు వాళ్లలాగే రెండు చేతులూ పైకెత్తి ఊపాడట. ద్రోహి.

ఇట్లు,
నీ చెల్లెలి కొడుకు

తా.క.: నాలుగో కరపత్రం ఆపేశాను. కాగితం అయిపోయింది. నిజంగానే కాగితం అయిపోయింది.

---

నా నాయనకు,
పెద్దమ్మ వెయ్యి దీవెనలు.

పారిపోయి ఎంత పొరపాటు చేశావురా! నువ్వు అటు వెళ్లావో లేదో ఇంటి యజమాని ఇటు వెనక తలుపులోంచి వేదిక మీదికి వచ్చాడు. ఆలస్యంగా వచ్చాడు కదా, నేను మైకులో చెప్పింది వినలేదు. జనం అప్పటికీ బొమ్మ వంకే చూస్తున్నారు. ఆయన "సభకు నమస్కారం" అన్నాడు. ఒక్క తలా తిరగలేదు. మళ్లీ అన్నాడు. అన్నీ వీపులే.

ముఖం పాలిపోయింది పాపం. నా చెవిలో "ఏమ్మా, బడి ఖాళీ చెయ్యమన్నందుకేనా ఇదంతా?" అన్నాడు. అవును, ఖాళీ చెయ్యమన్నాడు, నువ్వు చించిన కాగితంలో రాశాను. "మా అబ్బాయి సంఘంవాళ్లు కాస్త ఆవేశపరులండీ" అన్నాను. అబద్ధమా చెప్పు?

వెంటనే మైకు పట్టుకుని "పిల్లలున్నంత కాలం ఆ ఇల్లు బడిదే!" అని అరిచాడు. అప్పుడు తిరిగారురా అందరూ. మాట మారుస్తాడేమోనని అక్కడే కాగితం మీద పెట్టించాను.

ఆదివారం రా. రెండు జడల పిల్ల నీ గురించి అడుగుతోంది. నీకు కూర్చోవడం రాదట, నేర్పుతుందట.

ఉంటాను,
పెద్దమ్మ

తా.క.: బొమ్మ ఎవరు కొన్నారనుకున్నావు? ఆయనే! సభలో ఆయన ముఖాన్ని ఎదురుగా చూసినవాడు చిత్రకారుడొక్కడే కదా, చూసింది చూసినట్టు వేసేశాడు. రంగు ఆరకముందే ఇంటాయన దానిమీద దుప్పటి కప్పి పట్టుకుపోయాడు. హాల్లోనే తగిలించాడట, కాకపోతే బొమ్మ గోడవైపుకు.