ఎర్ర బటన్ నొక్కితే ఎవరెత్తాలి

జూన్ 3, సోమవారం

కొత్త పని. లిఫ్టులు అమ్మే, బాగుచేసే కంపెనీ ఆఫీసు. రెండో అంతస్తు. పాత ఫోన్ బాక్సు పీకేసి కొత్తది బిగించాలి. పదహారు ఫోన్లు, మూడు లైన్లు. పదిహేనో తారీకు శనివారంలోగా మేనేజరుతో సంతకం పెట్టించుకు రమ్మన్నాడు మా చిన్న ఓనరు. వాళ్ళ నాన్న దగ్గర ముప్పై ఏళ్ళు చేశాను. ఆయన ఎప్పుడూ తారీకు చెప్పలేదు.

మేనేజరు ఒక్కటే మాట చెప్పాడు. మా లిఫ్టులన్నిట్లో ఎర్ర బటన్ ఉంటుంది పెద్దాయనా, లోపల ఇరుక్కున్నవాళ్ళు నొక్కితే ఇక్కడ మూడో లైను మోగుతుంది, ఆ లైను మాత్రం ఎవరో ఒకరు ఎత్తి తీరాలి, మిగతావి ఎలా ఉన్నా ఫరవాలేదు అన్నాడు. పోయినేడాది ఒక రిటైర్డ్ టీచరమ్మ రెండు గంటలు ఇరుక్కుపోయిందట. ఇక్కడ ఫోను మోగుతూనే ఉందట. అది పెట్టిన బల్ల దగ్గర కూర్చునే మనిషి భోజనానికి వెళ్ళాడట. బయటికి తీశాక ఆవిడ ఎవర్నీ ఏమీ అనలేదట. ఆ అనకపోవడమే నిద్ర పట్టనివ్వడం లేదన్నాడు.

సరే సార్ అన్నాను.

జూన్ 4

పాత వైర్లు ఎలకలు కొట్టేశాయి. పొద్దుటి నుంచి నిచ్చెన మీదే. దిగేసరికి ఒక తగాదా. సేల్స్ ఆయనకి ఫోను నంబరు 21 కావాలట. రోజూ టై కట్టుకొస్తాడు, ఎండలో కూడా. 21 స్టోర్స్ ఆవిడకి రాశాను. తనకిచ్చింది తీసుకుంటే ఊరుకోనంది ఆవిడ. ఫోన్లు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. అప్పుడే నంబర్లకి కొట్టుకుంటున్నారు.

21 ఎవరికీ ఇవ్వలేదు. దాన్ని బాక్సుకి కోడ్లు కొట్టే నా ప్రోగ్రామింగ్ ఫోనుకి పెట్టుకున్నాను. బాక్సు స్టోర్ రూములో ఉంది కాబట్టి ఆ ఫోనూ అక్కడే, ఒక అట్టపెట్టె మీద. ఇప్పుడు ఇద్దరికీ నేనే పడను.

జూన్ 5

ఉ. 9.30. స్టార్ నొక్కాలి, కోడ్ నొక్కాలి, నంబరు నొక్కాలి, హాష్ నొక్కాలి. ఒప్పయితే రెండు చిన్న బీపులు. తప్పయితే ఒక పొడుగు బీపు. పొడుగు బీపు.

11.15. పొడుగు బీపు.

మ. 3.00. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నా ఇంగ్లీషు ఏడో క్లాసులో ఆగిపోయింది. ఒక్కో ముక్కా కూడబలుక్కుంటుంటే ఇరవై ఆరో పేజీలో తెలిసింది. ముందు పాస్‌వర్డ్ కొట్టాలట. అది మొదటి పేజీలో కదా చెప్పాలి!

సా. 5.40. రెండు చిన్న బీపులు. ఆ సంతోషం చెప్పుకోడానికి ఎవరూ లేరు. బాక్సు మీద చెయ్యి వేసి తట్టాను.

జూన్ 6

ఎర్ర బటన్ లైనుకి గ్రూపు కట్టాను. అయిదు ఫోన్లు. మొదట రిసెప్షన్ అమ్మాయి, తర్వాత స్టోర్స్ ఆవిడ, టై ఆయన, ఉత్తరాలు టైపు కొట్టే పెద్దాయన, ఆఖర్న మేనేజరు. ఒకరు నాలుగు రింగుల్లో ఎత్తకపోతే పక్కవాళ్ళకి పోతుంది. ఈ బిల్డింగు లిఫ్టులోనే ఎక్కి బటన్ నొక్కి చూశాను. రిసెప్షన్ అమ్మాయి ఎత్తింది. ఎవరండీ, ఎక్కడున్నారు, భయపడకండి అంది. నాకేం మాట్లాడాలో తోచక లిఫ్టు దిగిపోయాను. పైకొచ్చేసరికి ఆ పిల్ల ఒకటే కంగారు. ఎవరో ఇరుక్కుని మాట పడిపోయారు తాతగారూ అని. నేనేనమ్మా అని చెప్పడానికి పది నిమిషాలు పట్టింది.

జూన్ 7

చిన్న ఓనరు ఫోను. అయిందా బాబాయ్. కాలేదు.

జూన్ 8

చిన్న ఓనరు ఫోను. ఇంకా ఏం బాబాయ్, ఇప్పుడు కుర్రాళ్ళు ల్యాప్‌టాప్‌లో పూటలో చేసేస్తున్నారు అన్నాడు. మరి వాళ్ళనే పంపు అనాలి. సరే అన్నాను.

మా ఆవిడకి మోకాళ్ళు మళ్ళీ వాచాయి. డాక్టరు కూర్చునేది అయిదో అంతస్తులో. మెట్లెక్కలేదు, లిఫ్టెక్కదు. ఆ డబ్బాలో ఆగిపోతే నన్నెవరు అడుగుతారండీ అంటుంది. ఆ లిఫ్టూ ఈ కంపెనీదే, అడగడానికే ఒక బటన్ ఉందని చెప్పాను. ఆ బటన్ మీరు పెట్టిందేగా, మీలాగే ఉలకదు పలకదు అంది.

జూన్ 10, సోమవారం

స్టోర్స్ ఆవిడ స్టోర్ రూములోకి వచ్చి తలుపు వేసింది. అన్నయ్యగారూ, నాకు బీపీ, ఎవరైనా లోపల ఉండి ఏడుస్తుంటే నేను వినలేను, నా ఫోను ఆ గ్రూపులోంచి తీసెయ్యండి, మిగతా నలుగురూ ఉన్నారుగా, ఎవరికీ చెప్పకండి అంది. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి.

తీశాను. రెండు చిన్న బీపులు.

జూన్ 11

టై ఆయన వచ్చాడు. కొనేవాడితో మా లిఫ్టు దిగినట్టే తెలీదని చెబుతుంటాను, సరిగ్గా అప్పుడే పక్కన ఫోన్లో రక్షించండి బాబోయ్ అని వినపడితే వాడు కొంటాడా అన్నాడు. తీసెయ్ పెద్దాయనా, మిగతావాళ్ళున్నారుగా, మన మధ్యే ఉండాలి అన్నాడు. నా భుజం మీద చెయ్యి కూడా వేశాడు.

మధ్యాహ్నం టైపు పెద్దాయన. నాకంటే రెండేళ్ళు పెద్ద. ఏమయ్యా, నాకు కుడి చెవి వినపడదని ఇక్కడెవరికీ తెలీదు, తెలిస్తే ఇంటికి పొమ్మంటారు, నువ్వైతే అర్థం చేసుకుంటావని చెబుతున్నా అన్నాడు. నాదీ తీసెయ్యమన్నాడు.

ఇద్దర్నీ తీశాను. నా మీద నాకే చిర్రెత్తింది. కాదు అనే మాట నా నోట పెగలదు. బళ్ళో మాస్టారు నా లెక్క తప్పంటే, ఒప్పని తెలిసీ తప్పేనండీ అనేవాణ్ణి. ఆ దెబ్బలు తినడమే తేలికనిపించేది.

జూన్ 12

రిసెప్షన్ అమ్మాయి. ఉన్న రెండు లైన్లతోనే సతమతమవుతున్నాను తాతగారూ, అదొక్కటీ తీసేద్దురూ, మిగతా నలుగురూ ఉన్నారుగా అంది.

నలుగురూ లేరమ్మా అనాలి. అంటే మిగతా ముగ్గురి మాటా బయట పడుతుంది. ఎవరికీ చెప్పనని ఒప్పుకున్నాను.

తీశాను. ఇక మేనేజరు ఒక్కడు.

జూన్ 13

మా ఆవిడకి చెప్పాను. చెప్పడం అంటే, ఏం అలా ఉన్నారని నాలుగుసార్లు అడిగాక. అంతా విని వంటింట్లోంచి చెంచా పట్టుకునే వచ్చింది. మీరు తీసింది ఫోన్లు కాదండీ, ఆ టీచరమ్మని మళ్ళీ లోపల పెట్టి తలుపేస్తున్నారు అంది. రేపు పొద్దున్నే ఆ మేనేజరు దగ్గరికెళ్ళి, మీరొక్కరే మిగిలారు, అందర్నీ మళ్ళీ పెట్టమంటారా అని అడగండి, అంతే, అందులో ఎవరి పేరూ లేదు కదా అంది. నాచేత మూడుసార్లు అనిపించింది కూడా. మూడోసారి బాగానే అన్నాను.

జూన్ 14

ఉ. 10.00. మేనేజరు గది ముందు నిలబడ్డాను. లోపల ఎవరో ఉన్నారు.

10.40. ఇంకా ఉన్నారు.

11.20. తలుపు తీశాడు. నేను నోరు తెరిచాను. ఆయనే అందుకున్నాడు. మీకోసమే చూస్తున్నాను పెద్దాయనా, నా దగ్గరికి పెద్ద పెద్ద వాళ్ళు వస్తుంటారు, వాళ్ళ ముందు ఆ లైను మోగితే బావుండదు, నాది తీసెయ్యండి, మిగతా నలుగురూ ఉన్నారుగా అన్నాడు. రేపు మా నెలవారీ మీటింగు కాగానే సంతకం పెట్టేస్తాను అని కూడా అన్నాడు.

టీచరమ్మ గురించి నిద్ర పట్టడం లేదన్న మనిషి.

సరే సార్ అన్నాను. రాసుకోడానికే సిగ్గుగా ఉంది.

గ్రూపులో ఎవరూ లేకపోతే ఏమవుతుందో పుస్తకంలో వెతికాను. కాల్ ప్రోగ్రామింగ్ ఫోనుకి పోతుందట. అంటే స్టోర్ రూములో అట్టపెట్టె మీదికి. సంతకం అయ్యాక ఆ ఫోనూ నేను పట్టుకుపోతాను. ఆ తర్వాత అది గోడకి మోగుతుంది.

రేపు చెప్పేస్తాను. మా ఆవిడ మీద ఒట్టు.

జూన్ 15, శనివారం

రెండుసార్లు పెన్ను తీసి మళ్ళీ పెట్టేశాను. అయినా రాయాలి.

పదకొండు గంటలకి మీటింగు. అందరూ ఆ గదిలో తలుపేసుకున్నారు. నేను స్టోర్ రూములో సంతకం కాగితం ముందు పెట్టుకుని, మా ఆవిడ చెప్పిన మాట అనుకుంటూ కూర్చున్నాను. 21 మోగింది. చిన్న ఓనరేమో అనుకున్నాను. అతనికి ఆ నంబరు తెలీదు కదా అని అప్పుడు తట్టింది. మూడో లైను దీపం వెలుగుతోంది.

ఎత్తాను. ఎవరూ మాట్లాడలేదు. ఊపిరి వినపడుతోంది. నేనూ మాట్లాడలేదు.

ఉన్నారా అని అడిగింది అటు గొంతు. మగగొంతు, పెద్దవయసు, లోగొంతుక.

ఉన్నాను అన్నాను.

లిఫ్టు ఆగిపోయిందండీ, లైటు కూడా పోయింది అన్నాడు. ఎక్కడని అడిగాను. వీధీ, బిల్డింగూ చెప్పాడు. అట్టపెట్టె మీదే పెన్సిలుతో రాశాను. ఇప్పుడు ఇది మెకానిక్‌కి అందాలి. ఫోను వైరు నా చెయ్యంత కూడా లేదు. కాల్ హోల్డులో పెట్టి లేవొచ్చు. పెడితే ఆయనకి పాట వినపడుతుంది. చీకట్లో ఇరుక్కున్న మనిషికి వేణువు పాట! అది నేనే ఎక్కించాను, మేనేజరు ముచ్చటపడితే.

ఫోను ఛాతీకి ఆనించుకుని అరిచాను. అయ్యా, మనిషి ఇరుక్కున్నాడు, రండయ్యా అని. ఇన్నేళ్ళలో నా గొంతు అంత పైకి వెళ్ళడం నేనెప్పుడూ వినలేదు. గొంతు చీలిపోయింది. మీటింగు తలుపు ధడాల్న తెరుచుకుంది.

స్టోర్స్ ఆవిడ ముందు పరిగెత్తుకొచ్చింది. అట్టపెట్టె మీద రాసింది చూసి, మెకానిక్‌కి తన మొబైల్ నుంచి చెప్పింది. అతను ఊరికి ఆ చివర ఉన్నాడట, నలభై నిమిషాలు పడుతుందట. టై ఆయన నా చేతిలోంచి ఫోను లాక్కుని, నమస్కారం సార్, మా కంపెనీ తరఫున మీకు కలిగిన అసౌకర్యానికి అని మొదలుపెట్టాడు. కాసేపు విని నావైపు చూశాడు. ముందాయన ఏరి అంటున్నాడు అని ఫోను తిరిగిచ్చాడు.

నలభై కాదు, యాభై అయిదు నిమిషాలు. ఆయనా మాట్లాడే మనిషి కాదు. ఉన్నారా అనేవాడు. ఉన్నాను అనేవాణ్ణి. మధ్యలో ఒకసారి చెమటలు పడుతున్నాయన్నాడు. కింద కూర్చోమన్నాను. కూర్చున్నాను, మీరు కూర్చున్నారా అని అడిగాడు. లేదు, నిలబడే ఉన్నాను. కూర్చున్నాను అన్నాను. మళ్ళీ ఉన్నారా. ఉన్నాను. అన్నిసార్లు ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా.

ఆఖర్న ఇనప చప్పుడైంది. వెలుగొచ్చిందండీ అన్నాడు. మంచిది అన్నాను. పేరు అడగలేదు. ఆయనా అడగలేదు.

ఫోను పెట్టి చూస్తే అయిదుగురూ నా చుట్టూ నిలబడి ఉన్నారు. మేనేజరు అడిగాడు, ఇది స్టోర్ రూములో ఎందుకు మోగింది పెద్దాయనా, మీరు లేకపోతే ఏమయ్యేది అని. నేను నేల చూశాను. ఎవరి పేరూ చెప్పలేదు. స్టోర్స్ ఆవిడే ఏడుపు గొంతుతో, నా ఫోను ఒక్కటే తీయమన్నాను సార్, మిగతావాళ్ళున్నారు కదా అనుకున్నాను అంది. నేనూ అంతే అంది రిసెప్షన్ అమ్మాయి. టై ఆయన టై సర్దుకున్నాడు. టైపు పెద్దాయన ఎడమ చెవి ఇటు తిప్పి, నేనూ తీయించుకున్నాను, నాకీ పక్క వినపడదు అని అందరి ముందూ చెప్పేశాడు. మేనేజరు ఫాను వంక చూస్తున్నాడు.

అప్పుడు మా ఆవిడ చెప్పిన మాట అందామనుకున్నాను. అది రాలేదు. వేరేది వచ్చింది. అందరికీ పెడతాను, అయిదూ ఒకేసారి మోగుతాయి, ఇంకెవరు అడిగినా తియ్యను అన్నాను.

మీరడిగినా తియ్యను సార్ అని కూడా అన్నాను.

అప్పుడే అయిదు ఫోన్లూ మళ్ళీ గ్రూపులో పెట్టాను. టైపు పెద్దాయన ఫోనుకి మాత్రం గట్టిగా మోగే గంట, పైన ఒక లైటు పెట్టాను. పాస్‌వర్డ్ మార్చాను. అది ఇక్కడ రాయను. సంతకం అడగడం మర్చిపోయి ఇంటికొచ్చేశాను.

జూన్ 17

మేనేజరు కాగితం తానే మా షాపుకి తెచ్చి సంతకం పెట్టాడట. చిన్న ఓనరు ఫోను. రెండు రోజులు ఆలస్యం బాబాయ్ అన్నాడు.

అవును అన్నాను. సరే అనలేదు.

జూన్ 24

మా ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. లిఫ్టు గుమ్మంలో నా చొక్కా పట్టుకుని నిలబడిపోయింది. లోపలికి నడిపించి ఎర్ర బటన్ నొక్కాను. రెండో రింగుకి ఎత్తారు.

ఉన్నారా అన్నాను.

ఉన్నాను, చెప్పండి అంది స్టోర్స్ ఆవిడ.

ఏమీ లేదమ్మా అన్నాను. మా ఆవిడ చొక్కా వదిలి అయిదు నొక్కింది.