కొసముడి

అక్కగారి సముఖానికి, కొండ మీంచి కాదు, కొండ కింద వ్యాన్ మెట్టు మీంచి నీ ఉడుత రాస్తున్నది.

ఈ కవర్లో తొమ్మిది ఫొటోలున్నాయి. వెనకాల అంకెలు వేశాను. మీ లైబ్రరీ నోటీసు బోర్డు మీద ఆ వరసలోనే పెట్టు. కిందటిసారి నువ్వు ఒకటి తలకిందులుగా పెడితే, ఈ అమ్మాయి ఎక్కుతోందా దిగుతోందా అని ఎవరో అడిగారన్నావుగా! నవ్వలేక చచ్చాను.

ఒకటో ఫొటోలో ఉన్నది ఎర్రబండ. పైనుంచి కింద దాకా ఒకటే చీలిక. అందులో పిడికిలి దూర్చి, తిప్పి, దాని మీద బరువేసి లేవాలి. రెండో ఫొటో ఆ పిడికిలిదే, తోలు లేచిపోయి ఉంటుంది. భోజనం వేళ చూడకు. మూడోది డాక్టరమ్మ. పశువుల డాక్టరు, యాభై రెండేళ్ళు. ఏడాది సెలవు పెట్టి, పాత వ్యాను కొని, తోడు ఎవరొస్తారని అడిగితే నేను ఎగిరి గంతేశాను. నేనెక్కితే, బండ పై కడియంలోంచి మళ్ళీ కిందికి వచ్చే తాడుని నేల మీంచి ఆవిడ పట్టుకుంటుంది, ఆవిడెక్కితే నేను. కాలు జారబోతే బండని నిమురుతూ "ఉండవే, ఉండు, కదలకు, అయిపోయింది" అంటుంది, సూది మందు ఇస్తున్నట్టు. ఏడో ఫొటోలో ఆవిడ నోరు తెరిచి ఉన్నది అందుకే.

నాలుగు నెలల్లో ముప్ఫై ఏడు చోట్లు తిరిగాం. మూడో రోజు వచ్చేసరికి నాకు ఎక్కడా నిలవబుద్ధి కాదు. పొద్దున్నే పరుపు చుట్టేసి, మ్యాపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. "ఆ బండ బాగానే ఉందిగా, ఇంకా సగం ఎక్కలేదుగా, నీ కాళ్ళకింద ఎవరైనా నిప్పులు పోశారా?" అని డాక్టరమ్మ గొణుక్కుంటూనే ఇంజను తిప్పుతుంది. బండి కదిలితే గాని నాకు ఊపిరాడదు.

నీ మడమ ఎలా ఉంది? పడి మూడేళ్ళయినా మెట్లు దిగేటప్పుడు ఇంకా పక్కకి ఒరుగుతున్నావా? వ్యాయామం నిజంగా చేస్తున్నావా, చేస్తున్నానని నాకు రాసేసి ఊరుకుంటున్నావా? నిజం చెప్పు. జవాబు మా తర్వాతి మజిలీ పోస్టాఫీసుకి రాయి, ఊరి పేరు కవరు వెనకాల ఉంది.

నీ ఉడుత


అక్కా,

ఈసారి ఫొటోలు లేవు. ఇది బోర్డు మీద పెట్టే ఉత్తరం కాదు. కూర్చుని చదువు.

నీ జవాబు నిన్న పోస్టాఫీసులో తీసుకున్నాను. మీ లైబ్రరీ కొత్త శాఖకి నిన్ను అధికారిగా వేస్తామంటే వద్దన్నావట. "బిల్డింగు తాళాలన్నీ నా దగ్గరే ఉంటాయట. నాకు తాళాలా? ముడి వెయ్యడం మర్చిపోయి కిందపడ్డ మహాతల్లిని!" అని రాశావు. తమాషాకి రాసినట్టే రాశావు. నేను మాత్రం దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి, మళ్ళీ మడిచి, మధ్యాహ్నం దాకా అదే పనిలో ఉన్నాను.

మధ్యాహ్నం డాక్టరమ్మ పైకెక్కి, ఇక దించమంది. సగం దాకా దించాక నా చేతులు బిగుసుకుపోయాయి. తాడు కొసకి ముడి ఉంది, కళ్ళెదుట కనబడుతూనే ఉంది, అయినా వదల్లేకపోయాను. ఆవిడ పావుగంట గాలిలో వేలాడింది. "దించవే తల్లీ! నేనేమన్నా ఆరేసిన బట్టనా?" అని అరిచింది. ఎలాగో దించాను. దిగీ దిగగానే నా మొహం చూసి తిట్టడం మానేసింది. "ఆవుకి నోరుండదు కాబట్టి నొప్పెక్కడో నేనే వెతుక్కుంటాను. నీకు నోరుందిగా? నాకు చెప్పక్కర్లేదు. చెప్పాల్సిన వాళ్ళకి చెప్పు" అంది.

చెప్పాల్సింది నీకే.

దించేటప్పుడు తాడు చాలకపోయినా, పట్టుకున్నవాళ్ళ వైపు కొసకి ముడి ఉంటే మనిషి ఆగుతుందని, లేకపోతే కొస చేతుల్లోంచి జారిపోయి మనిషి నేలకొస్తుందని నాకు నేర్పింది నువ్వే. మనిద్దరికీ ఒక పద్ధతుండేది. ముడి ఎప్పుడూ నువ్వే వేస్తావు, నేను ముట్టుకుని చూసి "చూశాను" అని గట్టిగా అంటాను. ఆ రోజూ వేశావక్కా. తాడు కొసని, ఆ తాడు మోసుకొచ్చే సంచి పట్టీకి ముడి వేసి, రెండుసార్లు లాగి చూశావు. నేను "చూశాను" అన్నాను. ఆ తర్వాత నువ్వు బూట్లు బిగించుకోవడానికి కూర్చున్నావు. కెమెరాని ఎదురు రాయి మీద పెట్టి, నిమిషానికొక ఫొటో తీసేలా నొక్కాను. ఆ నారింజరంగు సంచి ఫొటోలో దిష్టిబొమ్మలా కొట్టొచ్చినట్టు కనబడుతుందనిపించింది. ముడి విప్పి, సంచి తీసుకెళ్ళి పొద వెనక పడేశాను. వచ్చి కొసకి మళ్ళీ ముడి వేద్దామనుకున్నాను. వచ్చేసరికి నువ్వు లేచి, ఎక్కనా అన్నావు. ఎక్కు అన్నాను.

దించుతుంటే కొస నా అరచేతిలోంచి పాములా వెళ్ళిపోయింది. ఇద్దరు మనుషుల ఎత్తునుంచి పడ్డావు. నేల మీద పడుకుని నువ్వు అడిగిన మొదటి మాట, "ముడి వెయ్యలేదా నేను?"

నేను ఏమీ అనలేదు. అప్పుడు భయమేసి అనలేదు. ఆస్పత్రిలో నువ్వు అందరికీ "నాదే తప్పు, మర్చిపోయాను" అని చెబుతుంటే పక్కనే నిలబడి అనలేదు. ఆ తర్వాత ఎక్కడా కాలు నిలవక తిరుగుతున్నాను. ప్రతి బండ కిందా తాడు చూస్తే నీ గొంతే. నన్ను తిట్టు, ఉత్తరాలు మానెయ్, ఏమన్నా చెయ్, ఈసారి నీ మాట తెలిసేదాకా ఈ ఊరు కదలను. నువ్వు మర్చిపోలేదు. అది మాత్రం నమ్ము.

నీ చెల్లి


ఉడుతా,

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. ఇవాళ ఆదివారం. మధ్యలో నాలుగు రాశాను, నాలుగూ చించాను. మీ బావ చెత్తబుట్టలో ముక్కలు చదివి, గబగబా అన్నం వడ్డించాడు. అన్ని బూతులున్నాయి వాటిల్లో.

పడ్డందుకు కోపం కాదు. రాళ్ళెక్కేవాళ్ళు పడతారు, నేను మాత్రం తెలియకనా ఎక్కింది! ఫొటో కోసం సంచి తీశావా, సరే, బుద్ధిలేనితనం, నీకు పుట్టినప్పట్నించీ ఉన్నదే. నేలమీద పడి అడిగాను చూడు, వెయ్యలేదా అని. దానికి నోరు మూసుకున్నావు. అది నా గొంతు దిగడం లేదు.

నీకు మడమ ఒక్కటే కనబడింది. నేను స్టవ్ కట్టేశానో లేదోనని రోజూ నాలుగుసార్లు చూస్తాను. బస్టాపు దాకా వెళ్ళి, తలుపు తాళం కోసం వెనక్కి వస్తాను. నా స్నేహితురాలు పసిపిల్లని చేతికిస్తే, జలుబు చేసిందని అబద్ధమాడి ఎత్తుకోలేదు. ఎక్కడ వదిలేస్తానోనని. మూడేళ్ళు నా చేతుల్ని నేనే, దొంగల్ని కనిపెట్టినట్టు కనిపెట్టుకుని ఉన్నానే!

మొన్న సాయంత్రం లైబ్రరీకి తాళం వేసి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికొచ్చాను. దారంతా ఏడ్చాను. నీ మీద కోపంతోనో, తేలికపడో నాకే తెలియలేదు. కొత్త శాఖ వాళ్ళని మళ్ళీ అడిగాను. వేరేవాళ్ళని వేసేశారట. అది పోయింది, నువ్వు ఏం చేసినా తిరిగి రాదు. తెలిసుండు.

శుక్రవారం బస్సుకి వస్తున్నాను. క్షమించేసిందని ఎగరకు. నేనొచ్చేదాకా అక్కణ్ణుంచి కదిలావో, కాళ్ళు విరగ్గొడతాను. మొదటిరోజంతా తిడతాను, డాక్టరమ్మగారిని చెవుల్లో దూది పెట్టుకోమను. రెండోరోజు నువ్వెక్కుతావు. మూడేళ్ళుగా నేను ఎవరికీ తాడు పట్టలేదు, ఇప్పుడు నీకు పడతాను. కోపంగా ఉన్న మనిషి చేతుల్లో ప్రాణం పెట్టడం ఎలా ఉంటుందో కాస్త తెలుసుకో. రెండు రోజుల్లో నా కోపం తగ్గదు. తగ్గకుండానే దించుతాను, మెల్లిగా, నీ రెండు పాదాలూ నేలకి ఆనేదాకా.

అక్క